పాత మోటారుకారునకు తగిన స్పార్క్‌ప్లగ్గు

మోటారుకారులో మిక్కిలి చిన్నదియు, చౌకయైనదియు, అందువలననే యజమాని కంటికి చిట్టచివర గాని ఆననిదియు అగు భాగము స్పార్క్‌ప్లగ్గు. చూపుడువ్రేలంత పొడవుండు ఈ వస్తువును చాలమంది దుకాణమునకు పోయి, దీపపు బల్బును కొన్నట్లు, కారు పేరు చెప్పి కొని తెచ్చుకొందురు. కొందరు ఆ శ్రమయు పడక, మెకానిక్కు బిగించినదే ప్లగ్గు అని ఊరకుందురు. కొత్త కార్ల విషయమున ఇది చెల్లును. ఏ ఇంజనుకు ఏ ప్లగ్గు తగునో కంపెనీవారి సర్వీసు కేంద్రములో వ్రాసిపెట్టియే యుండును. పాత కార్లకు అట్లు చెల్లదు. వానిలో కొన్నిటిని తయారుచేసిన కంపెనీలే మూతపడినవి. కారుతో వచ్చిన చేతిపుస్తకము ఏనాడో చెదలపాలైనది. నడుమ ఇంజను మారియుండవచ్చును. పెట్రోలు మాత్రము నిశ్చయముగా మారినది.

మన పాఠశాల వాకిట ఉదయము పిల్లలను దించి పోవు వాహనములలో నేటికిని ఒక పద్మినియో, అంబాసిడరో, తొలినాటి మారుతి 800యో కనబడుచునే యున్నది. తాతగారి జ్ఞాపకముగా ఉంచుకొన్నవారు కొందరు, ముచ్చటపడి ఉంచుకొన్నవారు కొందరు, క్రొత్తది కొనుటకు ఇంకను సమయము రాలేదని ఉంచుకొన్నవారు మరికొందరు. ఈ మూడు తెగలవారికిని ఒకటే చెప్పవలసియున్నది. తగని ప్లగ్గు వలన కలుగు నష్టము ఆ ప్లగ్గు వెలతో ముగియదు. పిస్టనుకు బెజ్జము పడినచో ఇంజను విప్పించి బాగుచేయించుటకగు ఖర్చు పిల్లవాని యేడాది ఫీజుకు తక్కువ కాకపోవచ్చును. తిరుపతి ప్రయాణమున నడుదారిలో, పిల్లలతోను పెద్దలతోను నిలిచిపోవుట వేరు.

ఈ ప్లగ్గునకును మన నగరమునకును గల సంబంధము చిన్నది కాదు. 1860లో ఫ్రాన్సుదేశమున లెన్వార్ అనునతడు తన గ్యాసు ఇంజనును విద్యుత్తు రవ్వతో వెలిగించెను. కాని మోటారుబండి వేగమునకు తాళగల ప్లగ్గు 1902లో వచ్చినది. జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరమున 1886లో రాబర్ట్ బాష్ స్థాపించిన కర్మశాలలో గాట్‌లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించెను. ఆ బాష్ వారి సహకారముతో 1951లో మన దేశమున నెలకొన్నదే మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ. పొడి అక్షరములలో మైకో. ఆడుగోడిలోని దాని కార్ఖానానుండి స్పార్క్‌ప్లగ్గులును, డీజిలు ఇంజనులకు కావలసిన ఇంధన పంపులును దేశమంతటికి పోయినవి. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినది. 2022 జూనులో ఆడుగోడి స్థలమున కొత్త సాంకేతిక కేంద్రము ప్రారంభమైనది. అయినను మైకో లేఔటు పేరు మారలేదు. పాత మెకానిక్కులు నేటికిని ‘మైకో ప్లగ్గు’ అనియే అందురు. ఈ ఊరి మెకానిక్కు కన్నడము మాటాడినను, తెలుగు, అరవము, ఉర్దూ మాటాడినను ప్లగ్గు మాత్రము ప్లగ్గే.

ప్లగ్గు చేయు పని చెప్పుటకు సులభము. పిస్టను పైకి వచ్చి, పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును ఒత్తి పట్టును. ఆ సమయమునకు ఇగ్నిషన్ కాయిలు 12 వోల్టుల బ్యాటరీ విద్యుత్తును పదివేల వోల్టులకు మించి పెంచి పంపును. ప్లగ్గు నడిమి కడ్డీకిని, ప్రక్కనుండి వంగిన కొమ్మకును నడుమ గల సన్నని సందులో రవ్వ పుట్టును. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క ప్లగ్గు నిమిషమునకు 1,500 రవ్వలు విసరవలెను, గంటకు 90,000. ప్రతి రవ్వకును వెనువెంట రెండువేల డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడిన మంట. ఆ మంట పోయిన మరుక్షణమే లోనికి వచ్చు చల్లని మిశ్రమపు తాకిడి. పింగాణిగా మనము చెప్పుకొను ఆ తెల్లని భాగము నిజమునకు అల్యూమినా అను గట్టి పదార్థము. విద్యుత్తును బయటికి పోనీయకుండుటయు, ఈ వేడి చలువల దెబ్బకు పగులకుండుటయు దాని వంతు.

ఎన్నికలో మొదట చూడవలసినది కొలత. చాలవరకు కార్ల ప్లగ్గులకు మర వ్యాసము 14 మిల్లీమీటర్లు. ఇందు చిక్కు లేదు. చిక్కు మర పొడుగులో నున్నది. పాత కార్లలో తరచుగా కానవచ్చు పొడుగులు రెండు: 12.7 మిల్లీమీటర్లు, అనగా అరయంగుళము; 19 మిల్లీమీటర్లు, అనగా ముప్పాతిక అంగుళము. రెండును ఒకే మర గనుక ఒకే బెజ్జమున చక్కగా ఎక్కును, స్పానరుతో బిగియును, ఇంజను స్టార్టు కూడ అగును. పొట్టి ప్లగ్గు ఉండవలసినచోట పొడుగుది వేసినచో దాని మూతి మంటగదిలోనికి పొడుచుకొని వచ్చి పిస్టనుకో వాల్వుకో తగులవచ్చును. తగులకున్నను, బయటపడిన మరలు కాగి ఎర్రబడును; వానిపై బొగ్గు పేరుకొని, తిరిగి విప్పునపుడు హెడ్డులోని మరలను లాగివేయును. పొడుగుది ఉండవలసినచోట పొట్టిది వేసినచో రవ్వ బావిలో దీపమువలె లోపలనే యుండిపోవును. పెట్రోలు సరిగా కాలదు. ఖాళీ మరలలో మసి గట్టిపడి, తరువాత సరియైన ప్లగ్గును వేయబోయినను ఎక్కదు. కనుక పాత ప్లగ్గును విప్పి క్రొత్తదాని ప్రక్కన నిలిపి చూడక బిగించుట తగదు. అడుగున వాషరుతో కూర్చుండు చదునైన పీటయా, వాషరు లేక ఏటవాలుగా కూర్చుండు పీటయా అనునదియు అప్పుడే తెలియును. ఒకదానికి బదులు వేరొకటి పనికిరాదు.

అయితే పాత ప్లగ్గే తప్పుది అయియుండవచ్చును గదా? అందుకే కారు పేరు మాత్రము తెలిసిన చాలదు, ఇంజను తెలియవలెను. అంబాసిడరునే చూడుడు. 1950ల దశకము చివర వచ్చిన మొదటి కార్లలో ప్రక్కవాల్వుల ఇంజను ఉండెను. 1959లో దాని స్థానమున 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చినది. ఇది బ్రిటిషు బి.ఎం.సి. వారి బి-శ్రేణికి చెందినది. 19 మిల్లీమీటర్ల పొడుగు మర దీనిది. 1990ల దశకములో జపానుదేశపు ఇసుజు వారి 1817 సి.సి. పెట్రోలు ఇంజనుతో ఇంకొక అంబాసిడరు వచ్చినది. 2014లో ఉత్తరపారా కార్ఖానాలో తయారీ నిలిచిపోవువరకు బయటి రూపము ఇంచుమించు ఒక్కటే. పైగా టాక్సీ నడిపినవారు పెట్రోలు ఇంజను తీసివేసి డీజిలుది పెట్టించుకొనుట, ఆ కారును కొన్నవారు మరల పెట్రోలుది పెట్టించుకొనుట కలదు. “అంబాసిడరుకు ఒక సెట్టు ప్లగ్గులు ఇవ్వండి” అని అడిగిన, జె.సి. రోడ్డులో పని తెలిసిన దుకాణదారుడు “ఏ ఇంజను సార్?” అని తిరిగి అడుగును. అట్లు అడుగనివాని యొద్ద కొనకుండుట మేలు.

పద్మిని విషయమున ఇంత గందరగోళము లేదు. ఫియట్ 1100 ఇంజనే అందు చాలకాలము సాగినది. ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. పూర్వికులు ఆంధ్రదేశమునందలి మోక్షగుండమునుండి మైసూరు సీమకు వచ్చిన విశ్వేశ్వరయ్యగారు 1930ల దశకముననే మన దేశమున మోటారుకార్ల కర్మాగారము నెలకొల్పవలెనని పథకము వేసి తిరిగిరి. 1944లో వాల్చంద్ హీరాచంద్ బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించుటకు వెనుక ఆ వృద్ధుని పట్టుదల కూడ కలదు. మన పద్మిని ఆ కార్ఖానా బిడ్డయే.

కొలత సరిపోయిన పిమ్మట రెండవ ప్రశ్న వేడి. దీనిని మెకానిక్కులు హీట్ రేంజి అందురు. పొరపాట్లు ఎక్కువగా జరుగునది ఇచటనే గనుక కొంచెము నిలిచి చెప్పవలెను.

ఇంజను నడచునపుడు ప్లగ్గు మూతి సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గక, 850 డిగ్రీలకు మించక ఉండవలెను. 450కి తక్కువైనచో పింగాణిపై పడిన మసి కాలిపోదు. మసి అనగా కార్బను. కార్బను విద్యుత్తును పోనిచ్చును. కాయిలు పంపిన శక్తి సందులో రవ్వయై దూకుటకు మారుగా, మసిబాట వెంట ప్రాకి ఇనుములోనికి పోవును. అప్పుడు ఇంజను మిస్ కొట్టును, నల్లని పొగ వచ్చును, పెట్రోలు పెరుగును, ఎమిషన్ టెస్టులో కారు తప్పును. 850కి మించి పోయినచో కడ్డీయు పింగాణియు నిప్పుకణికవలె ఎర్రబడి, రవ్వకు పూర్వమే మిశ్రమమును అంటించును. పిస్టను ఇంకను పైకి వచ్చుచుండగానే పైనుండి మంట క్రిందికి నెట్టును. ఇది కొలది నిమిషములు సాగినను అల్యూమినియము పిస్టను నడినెత్తి కరగి బెజ్జము పడవచ్చును. మసి పట్టుట జలుబు వంటిది. ముందుగా అంటుకొనుట గుండెపోటు వంటిది. రెండింటిని ఒక్కటిగా తూచరాదు.

ప్లగ్గు మూతికి తగిలిన వేడి పోవుటకు దారి పింగాణి ముక్కు. ఆ ముక్కు ఇనుప కవచమును తాకుచోటినుండి వేడి హెడ్డులోనికి, అచటినుండి నీటిలోనికి పోవును. పొయ్యిలో పెట్టిన ఇనుప ఊచను మొన దగ్గర పట్టుకొన్న చెయ్యి వెంటనే కాలును; దూరముగా పట్టుకొన్న ఆలస్యముగా కాలును. అట్లే ముక్కు పొట్టిగా నున్న ప్లగ్గులో వేడి త్వరగా కవచమునకు చేరి బయటికి పోవును; దానిని కోల్డ్ ప్లగ్గు అందురు. ముక్కు పొడుగుగా నున్నచో వేడి నిలిచిపోవును. అది హాట్ ప్లగ్గు. హాట్ ప్లగ్గు వలన రవ్వ బలముగా పుట్టునని పలువురు అనుకొందురు. రవ్వ బలము కాయిలుది, ప్లగ్గుది కాదు. హాట్, కోల్డ్ అను మాటలు ప్లగ్గు తన వేడిని ఎంత దాచుకొనునో, ఎంత వదలుకొనునో చెప్పును, అంతే.

ఈ గుణమును కంపెనీలు అంకెలతో గుర్తింతురు. ఆ అంకెల పద్ధతి ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్కటి. ఎన్.జి.కె. వారిది అంకె పెరిగిన కొలది కోల్డ్. ఛాంపియన్ వారిది అంకె పెరిగిన కొలది హాట్. బాష్ వారి పాత పద్ధతిలో డబ్ల్యు 175 టి1 వంటి పేర్లుండెను. 175 అనునది మొదట పరీక్షా ఇంజనులో ప్లగ్గు ఎన్ని సెకండ్లు తాళి పిమ్మట ఎర్రబడి ముందుగా అంటించెనో ఆ లెక్కనుండి వచ్చినది. అందులో పెద్ద అంకె కోల్డ్. తరువాత వారే పద్ధతి మార్చి 7, 8 వంటి చిన్న అంకెలు పెట్టిరి. ఇందులో పెద్ద అంకె హాట్. అందుచే పాత డబ్ల్యు 175 టి1 క్రొత్త పద్ధతిలో డబ్ల్యు7ఎ అయినది. చివరి టి1 అరయంగుళపు మరకును, టి2 ముప్పాతిక అంగుళపు మరకును గుర్తు. పట్టికలలో బాష్ డబ్ల్యు7డి, ఎన్.జి.కె. బి.పి.6ఇ.ఎస్., ఛాంపియన్ ఎన్9వై అను మూడును ఒకదానికొకటి బదులుగా చూపబడుచుండును. అంకెలు 7, 6, 9. ప్లగ్గు గుణము ఇంచుమించు ఒక్కటే. ఒక కంపెనీ ప్లగ్గు దొరకక మరొక కంపెనీది తీసికొనునపుడు అంకెను అంకెతో పోల్చరాదు. మార్పిడి పట్టికను చూడవలెను. మంచి దుకాణములలో ఆ పట్టిక పుస్తకము బల్లపైననే యుండును.

ఇక మన నగరపు సంగతి. బెంగళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచటి గాలి సముద్రతీరపు గాలికంటె దాదాపు పదవవంతు పలుచన. కార్బురేటరు జెట్లు పల్లపు ప్రదేశముల లెక్కతో చేయబడినవి గనుక, ఇక్కడ గాలి తగ్గి పెట్రోలు కొంచెము చిక్కనగును. దీనికి తోడు నగరపు రద్దీ. సిల్క్‌బోర్డు కూడలిలో కారు నిలిచినంతసేపు ఇంజను వేడెక్కుచున్నట్లే కనబడును గాని, ప్లగ్గు మూతి చల్లనిదే. ఏలయన మిశ్రమము కాలునది కొద్దియే. పిల్లలను దింపుటకు రెండు మైళ్లు పోయి వచ్చు కారు చోక్ లాగి స్టార్టు చేయబడి, పూర్తిగా కాగకముందే ఇంటికి వచ్చి ఆగును. ఇట్టి కారు ప్లగ్గులకు మసి పట్టుట ఆశ్చర్యము కాదు.

అప్పుడు మెకానిక్కు ఇచ్చు సలహా తరచుగా ఒకటే: “ఒక నంబరు హాట్ ప్లగ్గు వేద్దాం సార్, మసి కాలిపోతుంది.” మాట నిజమే, మసి కాలిపోవును. కారు నగరము దాటనిదే అయినచో ఆ సలహా చెల్లవచ్చును కూడ. కాని మన ఇండ్లలో కారు నగరము దాటకుండునా? వేసవి సెలవులు రాగానే తిరుపతి ప్రయాణము.

ఆ ప్రయాణమునకు ముందు పెట్రోలు సంగతి కొంత చెప్పవలెను. వెనుకటి పెట్రోలులో సీసము కలిపెడివారు. 1995లో నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు వచ్చినది. 2000 ఫిబ్రవరినుండి దేశమంతట సీసపు పెట్రోలు నిలిపివేయబడినది. ఇప్పుడు ఇథనాలు వచ్చినది. 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న ప్రధానమంత్రి మన నగరముననే ప్రారంభించిరి. నేడు సామాన్యముగా బంకులలో దొరకునది అదియే. ఇథనాలులో ఆక్సిజను ఇమిడియున్నది గనుక దానికి గాలి తక్కువ చాలును. ఒక పాలు పెట్రోలు కాలుటకు సుమారు 14.7 పాళ్లు గాలి కావలసియుండగా, ఈ మిశ్రమమునకు 13.5 పాళ్ల ప్రాంతమున చాలును. కొత్త కార్లలో కంప్యూటరు దీనిని కనిపెట్టి సరిదిద్దుకొనును. పాత కార్బురేటరుకు ఆ జ్ఞానము లేదు. అది వెనుకటి లెక్కతోనే పోయుచుండును. ఫలితముగా మిశ్రమము పలుచబడును. పలుచని మిశ్రమముతో ప్లగ్గు మూతి ఎక్కువగా కాగును. పాత కార్ల రబ్బరు గొట్టములకును ఈ పెట్రోలు గిట్టదు. గొట్టము చీలి గాలి పీల్చినను, పంపు డయాఫ్రము చెడినను మరింత పలుచదనమే కలుగును.

బెంగళూరులో నున్నంతసేపు ఎత్తు వలన వచ్చిన చిక్కదనమును, ఇథనాలు వలన వచ్చిన పలుచదనమును కొంతవరకు ఒకదానినొకటి సరిపెట్టుకొనును. ఇప్పుడు కారు కోలారు, ముళబాగిలు దాటి, పలమనేరు మీదుగా మొగిలి ఘాటు దిగి చిత్తూరు చేరును. దాదాపు ఆరువందల మీటర్లు దిగితిమి. గాలి చిక్కబడినది, ఎత్తు వలని రక్షణ పోయినది, ఇథనాలు పలుచదనము మాత్రము మిగిలినది. మే నెల ఎండ, ఐదుగురు మనుష్యులు, డిక్కీనిండ సామాను. తిరుగు ప్రయాణమున ఆ ఘాటునే ఎక్కవలెను. యాక్సిలరేటరు అడుగంట నొక్కియుండును. నగరపు మసికి మందుగా వేసిన హాట్ ప్లగ్గు ఎర్రబడుటకు ఇంతకంటె అనుకూలమైన సమయము లేదు. ఇంజను శబ్దములో ఆ మార్పును వినుటకు వెనుక సీటులోని పిల్లల అల్లరి అడ్డమగును. వినినను తెలిసికొనువారు అరుదు.

కనుక పాత కారునకు ప్లగ్గును ఎన్నునపుడు నగరపు నడకను లెక్కలోనికి తీసికొనరాదు. ఆ కారు చేయబోవు కష్టతమమైన ప్రయాణమునకు ఏది తగునో అదియే దానికి తగినది. చేతిపుస్తకములో తయారీదారు చెప్పిన హీట్ రేంజి అట్టి లెక్కతోనే చెప్పబడినది. దానిని విడిచి హాట్ వైపునకు పోవుటకు నేను ఒప్పుకొనను. మసి పట్టుచున్నచో దానికి మూలమును వెదకవలెను: ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోయినదేమో, చోక్ పూర్తిగా తెరచుకొనుటలేదేమో, కార్బురేటరు తేలుగుండు మట్టము తప్పినదేమో, కాంటాక్టు పాయింట్లు కాలి రవ్వ బలహీనమైనదేమో. ఇవన్నియు పదిపదిహేను నిమిషముల పనులు, తక్కువ ఖర్చు పనులు. వీనిని విడిచి ప్లగ్గు మార్చుట జ్వరము తగ్గలేదని థర్మామీటరు మార్చుట వంటిది. కొత్త పెట్రోలు వలన పలుచబడిన మిశ్రమమునకును మందు కార్బురేటరు జెట్టులోనే యున్నది, ప్లగ్గులో కాదు.

ప్లగ్గు మూతిని చూచి ఇంజను ఆరోగ్యమును తెలిసికొను విద్య పాతది. ఇరువది ముప్పది కిలోమీటర్లు మంచి వేగముతో పోయి, ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట విప్పి చూడవలెను. రద్దీలో నిలిచి వచ్చిన కారు ప్లగ్గు ఏమియు చెప్పదు. పొడి మసి మిశ్రమము చిక్కదనమునకు గుర్తు. తడిగా, జిడ్డుగా నల్లబడియున్నచో రింగులో వాల్వుగైడ్లో అరిగి ఆయిలు మంటగదిలోనికి వచ్చుచున్నది. ఏ ప్లగ్గు వేసినను ఇది మానదు. పింగాణి సున్నమువలె తెల్లబడి, పొక్కులు లేచి, కడ్డీ అంచులు కరగినట్లున్నచో వెంటనే జాగ్రత్తపడవలెను: మిశ్రమము పలుచన, టైమింగు ముందుకు జరుగుట, లేక ప్లగ్గు మరీ హాట్. నాలుగింటిలో ఒక్కటి మాత్రమే వేరుగా నున్నచో రోగము ఆ సిలిండరుది. ఒక హెచ్చరిక కలదు. పాత పుస్తకములలో మంచి ప్లగ్గు రంగు కాఫీపొడి వంటి గోధుమ రంగు అని యుండును. అది సీసపు పెట్రోలునాటి మాట. నేటి పెట్రోలుతో ఆరోగ్యవంతమైన ప్లగ్గు కూడ లేత బూడిదరంగుననో, ఇంకను తెలుపుగానో ఉండును. ఆ పాత రంగు రావలెనని కార్బురేటరును తిప్పి చిక్కబరచినవారు పెట్రోలును వ్యర్థపరచుటయే జరుగును.

సందు విషయము సంక్షేపముగా చెప్పుదును. పాయింట్లు, కండెన్సరు గల పాత ఇగ్నిషనుకు సామాన్యముగా 0.6నుండి 0.7 మిల్లీమీటరు సందు చాలును. నేటి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను కార్లకు 1 మిల్లీమీటరు, ఆపైన కూడ ఉండును. క్రొత్త ప్లగ్గు డబ్బాలో ఏ సందుతో వచ్చునో అది మీ కారునకు సరిపోవునని తలపరాదు. ఫీలర్ గేజితో కొలిచి, ప్రక్క కొమ్మను మాత్రమే మెల్లగా వంచవలెను. నడిమి కడ్డీని త్రోసినచో పింగాణి చిట్లును. సందు ఎక్కువైనచో పాత కాయిలు దానిని దాటలేక చలి ఉదయములలో స్టార్టు కాదు.

ఇరిడియము ప్లగ్గు వేయుదుమా అని ఈ మధ్య పలువురు అడుగుచున్నారు. ఇరిడియము 2,400 డిగ్రీలకు పైన గాని కరగదు గనుక కడ్డీని సూదివలె సన్నగా చేయవచ్చును. సన్నని మొననుండి రవ్వ తక్కువ వోల్టేజికే దూకును, కడ్డీ చాలకాలము అరుగదు. గుణములు నిజమే. కాని ఆయిలు త్రాగు పాత ఇంజనులో ఆ ప్లగ్గు అరుగుటకు ముందే జిడ్డుతో చెడును. అప్పుడు ఎక్కువ వెల పెట్టిన ఫలము లేదు. సామాన్యమైన నికెలు కడ్డీ ప్లగ్గును పదునైదువేల కిలోమీటర్లకొకసారి మార్చుట పాత కారునకు చాలును. పేరులో ‘ఆర్’ అక్షరము గల ప్లగ్గులో రేడియో గరగరను అణచు రెసిస్టరు ఉండును. పాయింట్ల కారునకు అది ఉన్నను హానిలేదు. పెట్రోలును ఇంజెక్షనుతో పోయు తరువాతి కాలపు మారుతులలో మాత్రము అది లేని ప్లగ్గు వేయరాదు, కంప్యూటరు చికాకుపడును.

కొనునపుడు పెట్టెను చూచి మోసపోరాదు. పేరుగల ప్లగ్గులకు నకిలీలు కలవు. బజారు వెలకంటె మరీ చౌకగా ఇచ్చుచున్నచో అనుమానింపవలెను. మర అంచులు గరుకుగా నుండుట, పింగాణిపై అక్షరములు గోటితో గీచిన చెరుగుట, నాలుగు ప్లగ్గుల సందులు నాలుగు విధములుగా నుండుట నకిలీకి లక్షణములు. బిల్లు తీసికొనుట మరువరాదు. నకిలీ ప్లగ్గునకు హీట్ రేంజి అనునదే లేదు. దానిపై అచ్చువేసిన అంకె అంకెమాత్రమే.

బిగించునపుడు ఇంజను చల్లగా ఉండవలెను. ముఖ్యముగా పద్మినికి హెడ్డు అల్యూమినియము. వేడిమీద విప్పినచో మరలు ఊడివచ్చును. విప్పుటకు పూర్వము గుంటలోని దుమ్మును ఊదివేయవలెను. లేనిచో ఆ ఇసుక సిలిండరులో పడును. ప్లగ్గును మొదట చేతివ్రేళ్లతోనే పీట తగులువరకు తిప్పవలెను. మర అడ్డముగా ఎక్కుచున్నదో లేదో వ్రేళ్లకు తెలియును, స్పానరుకు తెలియదు. పిమ్మట, క్రొత్త వాషరు గలదైనచో స్పానరుతో సుమారు అరచుట్టు. వాషరు లేని ఏటవాలు పీటకు చుట్టులో పదునారవ వంతు చాలును. వదులుగా ఉన్నచో వేడి హెడ్డులోనికి పోక సరియైన ప్లగ్గు కూడ ఎర్రబడును.

తీసిన నాలుగు ప్లగ్గులను ఏ సిలిండరుది ఏదో గుర్తుపెట్టి వరుసగా ఉంచుడు. వానిలో బాగున్నవి రెండు డిక్కీలో దూరప్రయాణములకు పనికివచ్చును. ప్లగ్గు పూర్తి పేరును, సందును, మార్చిన నాటి కిలోమీటర్ల అంకెను ఒక చీటీపై వ్రాసి బానెట్టు లోపలి తట్టున అంటించుడు. కారును రేపు ఏ మెకానిక్కు ముందు నిలిపినను, మీరు ప్రక్కన లేకున్నను, ఆ చీటీ చెప్పును.